పాత మారుతి 800లో రోల్ కేజ్: పైపు కొనకముందే తేల్చుకోవాల్సిన సంగతులు

"పాత 800లో రోల్ కేజ్ వేయించాలనుకుంటున్నా, ఎంతవుతుంది?" అని అడిగిన ప్రతివాళ్లనీ నేను ముందు ఒకటే ఎదురడుగుతాను: "కేజ్ పడ్డాక ఆ బండిలో ఇంట్లోవాళ్లని ఎక్కిస్తారా?" ఎక్కిస్తామంటే అక్కడితో ఆపేయమంటాను. డబ్బు లెక్క తర్వాత సంగతి.

బండి బోల్తా పడ్డప్పుడు కప్పు కుంగి తల మీదికి రాకుండా, పక్కనుంచి గుద్దితే తలుపు లోపలికి దిగబడకుండా అడ్డుకునే ఉక్కు పైపుల చట్రమే కేజ్. అది మేలు చేయాలంటే లోపలున్న మనిషి సీటుకి అతుక్కున్నట్టు ఉండాలి. అంటే ఒంటిని రెండు పక్కలా పట్టి ఉంచే బకెట్ సీటు, ఐదారు పట్టీల హార్నెస్, నెత్తిన హెల్మెట్, మూడూ ఉండాల్సిందే. మామూలు సీటు బెల్టు మనిషిని కొంత ఊగనిస్తుంది, అది అలాగే తయారైంది కూడా. 800 బయటి వెడల్పే 1440 మిల్లీమీటర్లు. తలుపుల మందం, పైపుల మందం పోగా డ్రైవర్ తలకీ పక్క పైపుకీ మధ్య మిగిలేది జానెడు ఉంటే గొప్ప. బోల్తాలో ప్రాణం నిలపాల్సిన పైపే, సిగ్నల్ దగ్గర ఎవరో పక్కనుంచి గుద్దితే హెల్మెట్ లేని తలని పగలగొడుతుంది.

చట్టం సంగతి కూడా ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖరాఖండీగా చెప్పింది. కాబట్టి ఈ వ్యాసం ట్రాక్‌కీ, మైదానంలో గడియారంతో పోటీపడే ఆటోక్రాస్‌కీ మాత్రమే అని పక్కన పెట్టుకున్న, ట్రైలర్ మీద ఎక్కించి తీసుకెళ్లే బండి గురించి.

ఏడాదికోసారి సరదాగా ట్రాక్ మీద నాలుగు చుట్లు తిరిగేవాళ్లకి కేజ్ అక్కర్లేదు. మంచి టైర్లు, కొత్త బ్రేక్ ప్యాడ్లు, హెల్మెట్, కంపెనీ ఇచ్చిన బెల్టు చాలు. "కేజ్ లేకపోతేనేం, హార్నెస్ వేద్దాం" అనే ఆలోచన మాత్రం వద్దు. కప్పు కుంగినప్పుడు మామూలు బెల్టులో మనిషి పక్కకి ఒరగడానికి వీలుంటుంది. హార్నెస్ నిటారుగా కట్టి పడేస్తుంది, పైనుంచి దిగే కప్పు సరిగ్గా నడినెత్తిన ఆగుతుంది.

ముందు రూల్ బుక్, ఆ తర్వాతే షెడ్డు

మన దేశంలో మోటార్ స్పోర్ట్‌ని నడిపే సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ. ప్రపంచ స్థాయిలో ఎఫ్‌ఐఏ. కేజ్ గురించి ఎఫ్‌ఐఏ రాసింది అపెండిక్స్ జె అనే నిబంధనల్లో, 253వ ఆర్టికల్లో ఉంటుంది. బొమ్మలతో సహా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీరు దిగాలనుకున్న పోటీ, మీ క్లాసు, ఆ ఏడాది నిబంధనలు తెచ్చుకుని ఈ ఆర్టికల్‌తో పక్కపక్కన పెట్టి చదవండి. కొన్ని చిన్న పోటీలు తక్కువతో సరిపెట్టుకుంటాయి. నా సలహా అయితే 253 ప్రకారమే కట్టించమని. ఇవాళ ఆటోక్రాస్ అన్నవాళ్లు రేపు మద్రాస్ సర్క్యూట్‌కో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో వెళ్దామంటారు. అప్పుడు కేజ్ కోసేసి మళ్లీ కట్టించడం కన్నా ఇప్పుడే సరిగా కట్టించడం చవక.

పోటీకి ముందు బండిని తనిఖీ చేసే అధికారిని స్క్రూటినీర్ అంటారు. వీలైతే పైపు కొనకముందే అలాంటి మనిషి ఒకరికి మీ బొమ్మ గీసి చూపించండి. వాళ్లు కసురుకుంటారేమోనని చాలామంది మొహమాటపడతారు. నేను అడిగిన ప్రతిసారీ పావుగంట కూర్చోబెట్టి చెప్పారు.

బండిని విప్పి చూడండి

800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. ఎంత కుర్ర బండి అయినా పదేళ్లు దాటింది, షెడ్డుల్లో తిరిగేవి చాలావరకు ఇరవై దాటినవే. సీట్లు, కార్పెట్, తలుపుల అట్టలు, కప్పు గుడ్డ అన్నీ తీసేయండి. కార్పెట్ కింద అతికించిన తారు షీట్లు కూడా గీకేయాలి, లేకపోతే వెల్డింగ్ నిప్పురవ్వకి అంటుకుంటాయి.

ఇప్పుడు ఒక పెద్ద స్క్రూ డ్రైవర్ తీసుకుని, కేజ్ పాదాలు ఆనే ప్రతి చోటా గట్టిగా పొడవండి. ముందు కాళ్ల దగ్గర నేల, తలుపు కింది రన్నింగ్ బోర్డు లోపలి అంచు, మధ్య పిల్లర్ అడుగు, వెనక చక్రాల గుమ్మటాలు. అద్దం రబ్బరు పాతబడితే నీళ్లు కారి చేరేది ముందు కాళ్ల దగ్గరకే. పైన పెయింటు మెరుస్తూ ఉంటుంది, కింద రేకు అప్పడంలా ఉంటుంది. స్క్రూ డ్రైవర్ దిగబడితే ముందు తుప్పు కోసి కొత్త రేకు వేయించండి. మరీ ఎక్కువుంటే వేరే బాడీ చూసుకోవడమే నయం. మంచి బాడీకి ఇంకో నాలుగు డబ్బులు పోయినా పరవాలేదు, పుచ్చిన బాడీలో ఖరీదైన కేజ్ పెట్టడం అంత దండగ పని ఇంకోటి లేదు.

ఎందుకింత పట్టుదలంటే, బోల్తాలో కేజ్ మీద పడ్డ బరువంతా చివరికి ఆ ఆరు పాదాల గుండా బాడీలోకి దిగాలి. అక్కడున్నది ఒక మిల్లీమీటరు మందం కూడా లేని రేకు. పైపు గట్టిదై రేకు పుచ్చిందైతే పైపు రేకుని చీల్చుకుని కిందికి దిగిపోతుంది.

ఎలాంటి కేజ్

చిన్నది హాఫ్ కేజ్. ముందు సీట్ల వెనక తలకిందులైన యు ఆకారంలో ఒక పెద్ద వంపు, దాన్ని వెనక్కి పట్టి ఉంచే రెండు పైపులు, మొత్తం నాలుగు పాదాలు. ఆ వంపుని మెయిన్ హూప్ అంటారు, వెనక పైపుల్ని బ్యాక్‌స్టేలు అంటారు. ముందు అద్దం వైపు కప్పుని ఇది కాపాడదు. 800 లాంటి బండి బోల్తా పడితే ముందు కుంగేది అద్దం పక్క పిల్లర్లే. అందుకే ఈ బండికి హాఫ్ కేజ్ నేను సిఫారసు చేయను.

కావాల్సింది ఆరు పాదాల కేజ్. హూప్ పైమూలల నుంచి తలుపు పై అంచు వెంబడి ముందుకి వచ్చి, అద్దం పిల్లర్ పక్కగా నేలకి దిగే పైపులు రెండు. అద్దం పైన ఆ రెండింటినీ కలిపే అడ్డ పైపు ఒకటి. హూప్‌లో ఒక మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలు పైపు. దీన్ని ఎగ్గొట్టేవాళ్లు చాలామంది, కానీ అది లేని హూప్ నాలుగు మేకుల మంచం చట్రం లాంటిది, పక్కనుంచి తోస్తే వాలిపోతుంది. తలుపులకి అడ్డంగా రెండువైపులా పైపులు. భుజం పట్టీలు కట్టడానికి హూప్‌లో ఇంకో అడ్డ పైపు. అంతే. ర్యాలీ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫొటోలు చూసి సాలెగూడులా ముప్పై పైపులు వేయించుకున్న 800లు చూశాను. 37 హార్స్‌పవర్ ఇంజన్‌కి ఆ బరువు మోయడమే పెద్ద పందెం.

బ్యాక్‌స్టేలు నిలువు గీతకి కనీసం 30 డిగ్రీల కోణంలో వెనక్కి వాలాలి, వంపు లేకుండా తిన్నగా ఉండాలి. 800 తోక పొట్టిది, అందుకని వెనక చక్రాల గుమ్మటాల మీదే వాటి పాదాలు పడతాయి. రేకు అక్కడ కాస్త గట్టిగానే ఉంటుంది కాబట్టి మంచిదే. తలుపు పైపులు ఎంత ఎత్తుగా ఉంటే అంత మేలు, అయితే వాటి పై చివర తలుపు సందు ఎత్తులో సగం దాటకూడదు. దాటితే బయటికి దూకడం కష్టం.

బొమ్మ గీశాక ఒక పరీక్ష పెట్టండి. ఏ పైపైనా ఇంకో పైపు నడుం మీద వచ్చి ఆగుతోందా? అక్కడ బరువు పడితే ఆ నడుం వంగుతుంది. పైపులు వీలైనంతవరకు మూలల్లో, ఇంకో రెండు పైపులు కలిసే చోటే కలవాలి.

పీవీసీ పైపుతో నమూనా

ఇది నేను డబ్బు తగలేసి నేర్చుకున్నది. నా మొదటి కేజ్‌లో పైపులన్నీ వెల్డ్ అయ్యాక, సీటు బిగించి హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే నెత్తి పక్క పైపుకి తాకింది. కొలతలు తీసుకున్నప్పుడు హెల్మెట్ లేదు, సీటేమో పాతది.

ప్లంబింగ్ దుకాణంలో 40, 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపులు దొరుకుతాయి. అసలు కేజ్ పైపులూ ఇంచుమించు అదే లావు. కోసి, మూలల్లో టేపు చుట్టి, బండి లోపల కేజ్ మొత్తం పీవీసీతో నిలబెట్టండి. అసలు వేసే సీటు, అసలు వేసే ఎత్తులో బిగించండి. హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని కూర్చోండి. తల నాలుగు వైపులా వాల్చండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మోచేయి తలుపు పైపుకి తగులుతోందా, మూడో గేరులో చెయ్యి ఎక్కడికి వెళుతోంది, హ్యాండ్‌బ్రేక్ అందుతోందా చూసుకోండి. ఆరడుగుల మనిషికి 800లో రెండు చిక్కులుంటాయి. హూప్ మధ్య పిల్లర్ దగ్గరే నిలబడాలి కాబట్టి సీటు అంతకన్నా వెనక్కి జరగదు. కప్పు ఎత్తు పెరగదు కాబట్టి సీటే నేలకి దిగాలి. పట్టాలు తీసేసి, సీటుని నేలకి దగ్గరగా స్థిరంగా బిగిస్తే రెండు మూడు అంగుళాలు కలిసొస్తాయి.

ఇంకొకటి, మన బండ్లలో యాక్సిలరేటర్ కుడివైపు చివర ఉంటుంది. కేజ్ కుడి ముందు పాదం కూడా సరిగ్గా అక్కడికే దిగుతుంది. రేసింగ్ బూటు వేసుకుని పెడల్ నొక్కి చూడండి. బూటు అంచు పైపుకి రాసుకుంటే పాదాన్ని రన్నింగ్ బోర్డు వైపుకి జరపాలి.

చివరగా బెల్టు విప్పి, పీవీసీ పైపులు కదలకుండా బయటికి రండి. కదిలితే బొమ్మ మార్చండి.

పైపు ఎంపిక

ఎఫ్‌ఐఏ అడిగేది చల్లగా లాగిన అతుకులేని కార్బన్ స్టీలు పైపు. దుకాణంలో సీడీఎస్ అంటే అర్థమవుతుంది. కార్బన్ 0.3 శాతం మించకూడదు, తన్యబలం, అంటే లాగితే తట్టుకునే బలం, చదరపు మిల్లీమీటరుకు కనీసం 350 న్యూటన్లు ఉండాలి. మెయిన్ హూప్‌కి బయటి వ్యాసం 45, మందం 2.5 మిల్లీమీటర్లు, లేదా 50కి 2. మిగతా పైపులకి 38కి 2.5, లేదా 40కి 2.

రెండింట్లో ఏది? 45కి 2.5 పైపు మీటరు 2.6 కిలోలు తూగుతుంది, 50కి 2 పైపు సుమారు 2.4. రెండోది తేలికే, కానీ ఆ అయిదు మిల్లీమీటర్ల లావు 800లో తల పక్కనే తినేస్తుంది. నేనైతే హూప్‌కి 45, మిగతావాటికి 38 తీసుకుంటాను. 38 పైపు మీటరు 2.2 కిలోలు. పైన చెప్పిన ఆకారానికి మొత్తం 18 మీటర్ల దాకా పడుతుంది, పాదాల పలకలతో కలిపి 45 కిలోల లోపు తేలుతుంది. 650 కిలోల బండికి అది చిన్న బరువేం కాదు, కానీ సీట్లు, కార్పెట్, వెనక బెంచీ తీసేస్తే చాలావరకు సరిపోతుంది.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా "ఒకటిన్నర అంగుళం సీమ్‌లెస్ ఇవ్వండి" అని మాత్రం అడగకండి. నీళ్లకీ ఆవిరికీ వాడే పైపుల్ని పేరులోని అంగుళాలతో పిలుస్తారు, అది బయటి వ్యాసం కాదు. ఒకటిన్నర అంగుళం పైపు బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు. మందం లెక్కలో షెడ్యూల్ 40 అనే రకం అయితే మీటరు నాలుగు కిలోలు తూగుతుంది, మీకు కావాల్సినదానికి దాదాపు రెట్టింపు. మిల్లీమీటర్లలో బయటి వ్యాసం, మందం చెప్పండి. వెర్నియర్ జేబులో పెట్టుకెళ్లి రెండు చివరలా, నాలుగేసి చోట్ల కొలవండి. పైపు చేసిన మిల్లు ఇచ్చే పరీక్ష కాగితం, మిల్ టెస్ట్ సర్టిఫికెట్, అడిగి తీసుకుని, దానిమీది హీట్ నంబరూ (ఏ విడత ఉక్కో చెప్పేది) పైపు మీది నంబరూ ఒకటేనా చూడండి. ఆ కాగితం దాచిపెట్టుకోండి, స్క్రూటినీర్ అడుగుతారు.

గేట్లకీ బెంచీలకీ వాడే ఈఆర్‌డబ్ల్యూ పైపు నిలువునా అతుకు వేసినది. లోపల వేలు పెట్టి తడిమితే గీతలా తగులుతుంది. వంచేటప్పుడు ఆ అతుకు విచ్చుకోవడం నా కళ్లారా చూశాను. జింకు పూత వేసిన జీఐ పైపు అసలే వద్దు, వెల్డింగ్ వేడికి జింకు పొగ వచ్చి వెల్డర్‌కి జ్వరం తెప్పిస్తుంది, అతుకూ చెడుతుంది.

వంపు ఎవరు తిప్పాలి

మంచి పైపు కొని చెడగొట్టుకునేది ఇక్కడే. ఇసుక పోసి, ఎర్రగా కాల్చి వంచే పద్ధతి మన షెడ్డుల్లో ఇంకా ఉంది. కేజ్‌కి అది పనికిరాదు, చల్లగానే వంచాలి. ప్లంబర్ల హైడ్రాలిక్ బెండర్ పైపు కడుపుని నొక్కేస్తుంది. వంచేటప్పుడు పైపు నలగకుండా లోపల కడ్డీ పెట్టి ఉంచే మాండ్రిల్ బెండర్ ఉన్నచోటికి, ఎక్కువగా పారిశ్రామికవాడల్లో బస్సు బాడీలూ ఫర్నిచరూ చేసే పెద్ద యూనిట్లకి, పట్టుకెళ్లండి. పైపు మధ్యగీత వెంబడి వంపు వ్యాసార్థం పైపు వ్యాసానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. 45 పైపుకి 135 మిల్లీమీటర్లు, 38కి 114. వంపు దగ్గర పైపు కోడిగుడ్డులా అయితే చిన్న వ్యాసాన్ని పెద్ద వ్యాసంతో భాగించండి. 0.9 కన్నా తగ్గితే ఆ ముక్క పక్కన పడేయాలి. ముడత పడితే కొలవక్కర్లేదు, నేరుగా తుక్కే. రెండు మూడు ముక్కలు పోతాయని ముందే లెక్కేసుకుని పైపు కొనండి.

బోల్టులా, వెల్డింగా

బ్రిటన్‌లో పాత మినీ కారుకి బోల్టులతో బిగించే రెడీమేడ్ కేజ్‌లు దొరుకుతాయి. 800కి మనం చేయించుకోవడమే దిక్కు, అందుకే రెండు దారులూ తెరిచే ఉంటాయి. పాదాల దగ్గర బోల్టులు వేస్తే కేజ్‌ని బాడీ నుంచి విడదీయొచ్చు. దానికి ప్రతి పాదం కింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న పలకని బాడీకి వెల్డ్ చేసి, మూడేసి ఎం8 బోల్టులు, అంటే 8 మిల్లీమీటర్ల లావువి, బలంలో 8.8 గ్రేడువి, బిగించాలి. బోల్టు తల మీద 8.8 అని చెక్కి ఉండాలి. బ్యాక్‌స్టే పాదాలకి 60 చదరపు సెంటీమీటర్లు, రెండు బోల్టులు చాలు. పూర్తిగా వెల్డ్ చేస్తే బాడీ బిగువెక్కి బండి మలుపుల్లో మాట వింటుంది, కానీ తిరిగి తీయడం ఉండదు. మొదటిసారి కట్టించేవాళ్లకి నేను బోల్టు పాదాలే చెబుతాను.

నేలకి రంధ్రం వేసేముందు బండి కిందికి దూరి చూడండి. పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం అక్కడే పోతుంటాయి. వెల్డింగ్‌కి ముందు పెట్రోలు ట్యాంకు దింపేయాలి, బ్యాటరీ తీసేయాలి, ఇంజన్‌లోకి పెట్రోలుని కంప్యూటర్ కొలిచి పంపే ఎంపీఎఫ్‌ఐ బండి అయితే ఆ కంప్యూటర్, ఈసీయూ, కూడా. అద్దాలు ఉంచితే రవ్వలు వాటి మీద మచ్చలు వేస్తాయి.

వెల్డింగ్ మిగ్‌తో, మన షెడ్డు భాషలో సీవోటూతో, లేదా టిగ్‌తో చేయించండి. పైపు చివరలు చేపనోరులా కోసి సందు లేకుండా కూర్చోబెట్టాలి. సందులు కడ్డీతో పూడ్చే మేస్త్రీకి నమస్కారం పెట్టి వచ్చేయండి. ముందు అన్నీ టాకాలు వేసి, మళ్లీ ఒకసారి హెల్మెట్‌తో కూర్చుని చూసి, ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్.

అసలు తిప్పలు కప్పు దగ్గర. ప్రతి అతుకూ పైపు చుట్టూ పూర్తిగా పడాలి, పైభాగమేమో కప్పు రేకుకి ఆనుకుని ఉంటుంది, వెల్డింగ్ టార్చ్ దూరదు. కనబడని ఆ పైసగం వదిలేసి పెయింటు కొట్టేసేవాళ్లు ఉన్నారు. దీనికి పాత ఉపాయం ఒకటుంది. పాదాల కింద మూడు నాలుగు అంగుళాల ఎత్తు ఉక్కు పెట్టెలు వచ్చేలా కేజ్‌ని గీసుకోవాలి. ముందు పెట్టెలు లేకుండా కేజ్‌ని నేల మీదే నిలబెడితే కప్పుకీ పైపుకీ మధ్య ఆ మేరకు సందు దొరుకుతుంది. పై అతుకులన్నీ చుట్టూ వెల్డ్ చేసి, కేజ్‌ని పైకెత్తి, కింద పెట్టెలు దూర్చి వాటిని వెల్డ్ చేయాలి. మీ మేస్త్రీకి ఈ పద్ధతి తెలుసా అని మొదటి రోజే అడగండి. ఆయన చెప్పే జవాబుని బట్టి మిగతా పనంతా ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

పట్టీలు, మెత్తలు

భుజం పట్టీలు భుజాల నుంచి వెనక్కి అడ్డ పైపుకి దాదాపు సమంగా పోవాలి. 10 డిగ్రీల దాకా కిందికి వాలితే ఉత్తమం, 45 దాటకూడదు. వెనక నేలకి కడితే గుద్దుడులో పట్టీ వెన్నుని కిందికి నొక్కేస్తుంది. తల, హెల్మెట్ తగిలే ప్రతి పైపుకీ మెత్త వేయాలి. ఏసీ గొట్టాలకి చుట్టే నల్ల స్పాంజి చూడ్డానికి బావుంటుంది, వేలితో నొక్కితే పైపు తగులుతుంది. అది పనికిరాదు. ఎఫ్‌ఐఏ 8857-2001 టైప్ ఏ అని రాసి ఉన్న గట్టి మెత్త తెప్పించుకోండి, మంటకీ తట్టుకుంటుంది.

డబ్బులిచ్చే ముందు

పెయింటు వేయకముందే షెడ్డుకి వెళ్లండి. చేతిలో టార్చి, పళ్ల డాక్టర్లు వాడే లాంటి చిన్న అద్దం ఉండాలి. కప్పు వైపు ఉన్న ప్రతి అతుకు వెనకా అద్దం పెట్టి చూడండి. ప్రతి అతుకునీ, ప్రతి పాదాన్నీ, కింద పలకల్నీ ఫొటోలు తీసుకోండి. తర్వాత లేత రంగు పెయింటు వేయించండి, తెలుపో బూడిద రంగో. నలుపు అందంగా ఉంటుంది కానీ జుట్టులాంటి పగులు వస్తే కనబడదు. తెల్ల పెయింటు మీద అదే పగులు తుప్పు గీతలా బయటపడుతుంది.

ప్రతి పోటీ తర్వాత బోల్టులు బిగుసుగా ఉన్నాయో లేదో చూడండి. బండి ఒకసారి బోల్తా పడి ఏ పైపైనా వంగితే దాన్ని వేడిచేసి తిన్నగా చేయించకండి. ఆ ముక్క కోసేసి కొత్తది వేయించాలి. హూపే వంగితే కేజ్ మొత్తం తుక్కుకి వేసి, పీవీసీ పైపుల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.